సగం దాంత్‌కే ఇలాజ్

రూట్ కెనాల్ చేయించుకుని, పైన క్యాప్ కూడా వేయించుకుని, పైసలన్నీ కట్టేసిన నాలుగు నెలలకే ఆ పన్ను చుట్టూ చీము కారుతోందని మొత్తుకునేవాళ్లు మీ ఖాన్‌దాన్‌లో ఒక్కరైనా ఉంటారు. చిగుళ్ల ఆపరేషన్ అయ్యాక కూడా పుండు మానలేదని చెప్పేవాళ్లూ ఉంటారు. వీళ్ల గోడు విన్నాక మనం చేసే ఫైస్లా ఎప్పుడూ ఒకటే: డాక్టర్ దొంగ. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ నేను దగ్గర్నుంచి చూసిన కేసుల్లో డాక్టర్ దొంగ కాదు, పని రానివాడూ కాదు. తనకొచ్చిన పని బాగానే చేశాడు. పంటిలో సగానికే చేశాడు.

ఒకే పంటికి లోపల నరం, బయట చిగురు రెండూ చెడితే ఏం చేయాలన్నది ఈ రోజు మాట్లాడదామనుకున్నా. దాంతుల గురించి ఏం రాస్తావు భాయ్, వేరే మజ్మూన్ దొరకలేదా అని దోస్తులు నవ్వుతారు. నవ్వనీయండి. మన మొహల్లాల్లో యాభై దాటిన మనుషుల నోళ్లు చూడండి. దవడ పళ్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ముందుపళ్లతో రోటీ ముక్కని నానబెట్టుకుని తినే మా దాదీమా తరం గురించి నేను చెప్పడం లేదు. నా వయసు వాళ్ల గురించే చెప్తున్నా.

నా వాదన చిన్నది. ఏ పంటికైనా రూట్ కెనాల్ మొదలుపెట్టే ముందు దాని మసూఢా కొలవాలి. ఏ పంటికైనా మసూఢా కోసే ముందు దాని నరం బతికుందో లేదో చూడాలి. రెండూ కలిపి పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టి మొదలుపెట్టే ఇలాజ్‌కి మనం పైసా కట్టకూడదు.

ముందు పంటి సంగతి కొంచెం. మనం ‘నరం’ అనే మాటతో చాలా సరుకు కలిపేస్తాం. పంటి నడుమ ఉండే ఆ సన్నటి గదిలో నరం ఒక్కటే లేదు. రక్తనాళాలు, మెత్తటి కండ అన్నీ ఉన్నాయి. ఆ గది నుంచి వేరు చివరిదాకా ఒక గల్లీ పోతుంది. ఆ గల్లీ చివర ఒక చిన్న దర్వాజా. రక్తం అక్కడి నుంచే లోపలికొస్తుంది. ఇది అందరికీ తెలిసిన దర్వాజా. అదొక్కటే అయితే గొడవే లేదు. వేరు పక్కల్లో కూడా వెంట్రుక కన్నా సన్నటి గల్లీలు కొన్ని బయటికి తెరుచుకుంటాయి. దవడ పళ్లలో రెండు మూడు వేర్లు విడిపోయే చోట, ఆ కొమ్మల సందులో, ఇలాంటివి ఉండటం మామూలే. ఇక బయటవైపు: వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి నారలుంటాయి. పంటిని ఎముకలో పట్టి ఉంచేవి అవే. చిగురు పైనుంచి కప్పే పర్దా మాత్రమే.

అంటే లోపలి ఇల్లు, బయటి ఆంగన్ వేరువేరు అనుకుంటాం గానీ మధ్యలో దర్వాజాలున్నాయి. లోపల కండ చచ్చి కుళ్లితే ఆ జెహర్ ఈ దర్వాజాల్లోంచి బయటికొచ్చి ఎముకని తింటుంది. చీముకి దారి కావాలి కాబట్టి ఒక్కోసారి వేరు పక్కనుంచే పైకి పాకి చిగురు అంచున బయటపడుతుంది. చూసేవాళ్లకి అది అచ్చం చిగుళ్ల బీమారీలాగే కనిపిస్తుంది. ఇదే వ్యవహారం ఉల్టా కూడా జరుగుతుంది. చిగుళ్ల బీమారీ గార రూపంలో పైనుంచి మొదలై, ఎముకని కరిగిస్తూ కిందికి దిగి, వేరు చివరి దర్వాజాదాకా వెళ్లిందంటే లోపలి కండ రక్తం అందక చస్తుంది. పైన పిప్పి లేదు, పుచ్చు లేదు, పన్ను తెల్లగా మెరుస్తూ ఉంటుంది. లోపల జనాజా లేచిపోయింది.

ఎక్స్ రేలో ఈ రెండూ ఒకేలా కనిపించే రోజులుంటాయి. వేరు చుట్టూ నల్లటి నీడ. ఆ నీడ కింది నుంచి పైకి వచ్చిందా, పై నుంచి కిందికి దిగిందా అన్నది ఫిల్మ్ ఒక్కటే చెప్పలేదు. నా మొత్తం షికాయత్ ఇక్కడే ఉంది. నీడ చూసి ఇలాజ్ మొదలుపెట్టేస్తున్నారు.

మా ఖాలా కేసు చెప్తాను. అరవైకి దగ్గర్లో ఉంది, పన్నెండేళ్లుగా షుగర్. కింద కుడివైపు దవడ పన్ను నమిలితే నొప్పి, చిగురు ఉబ్బు. ఇంటి దగ్గరి క్లినిక్‌కి వెళ్లింది. ఎక్స్ రే తీశారు, నీడ కనిపించింది, ‘నరం ఖరాబైంది’ అన్నారు. మూడుసార్లు తిప్పి రూట్ కెనాల్ చేశారు. వారంలో క్యాప్ వేశారు. మొత్తం తొమ్మిది వేలు. ఖాలా కొడుకు ఖాడీలో ఉంటాడు, పంపించాడు. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత మళ్లీ చీము. నాకు ఫోన్ చేసి, ‘‘బేటా, పైసలు తీస్కున్నరు, టోపీ పెట్టిన్రు, దాంత్ మాత్రం హిల్తానే ఉంది’’ అంది. రెండో క్లినిక్‌కి వెళ్తే అసలు నోరు పూర్తిగా తెరవక ముందే పీకి ఇంప్లాంట్ పెడదామన్నారు. దాని ధర విని ఖాలా చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయటికొచ్చేసింది.

చివరికి ఒక సర్కారీ డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. అక్కడ పీజీ చదివే అమ్మాయి ఒకామె, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, ఒక సన్నటి గీతల పుల్ల తీసుకుని ఖాలా పళ్లన్నిటి చుట్టూ మెల్లగా దించుతూ అంకెలు చెప్తూ పోయింది. పక్కనున్న కుర్రాడు రాసుకుంటూ పోయాడు. ఆరోగ్యంగా ఉన్న చిగురులో ఆ పుల్ల 1 నుంచి 3 మిల్లీమీటర్లు దిగుతుంది. ఖాలాకి ఆ క్యాప్ పన్ను చుట్టూ 8, 9 వచ్చాయి. ఒక్క పాయింట్‌లో కాదు, వెడల్పుగా. వేర్లు చీలే సందులోకి పుల్ల ఇటునుంచి అటు దూరిపోయింది. ఇంకో ఆరు పళ్లకి 5, 6 వచ్చాయి. రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ సగటు 10 దాటింది.

ఆ అమ్మాయి చెప్పిన మాట నా దిమాగ్‌లోంచి పోలేదు. ‘‘అంకుల్, రూట్ కెనాల్ నీట్‌గా ఉంది, తప్పు పట్టడానికి లేదు. కానీ చేయక ముందు ఆ నరం బతికుందో చచ్చిందో ఇప్పుడు ఎవ్వరూ చెప్పలేరు.’’

గవాహీ చెప్పాల్సిన సాక్షినే తీసేసి, కాలువ కడిగి, బంకతో నింపేశారు. చల్లటి దూది పెట్టి చూసే ఒక్క నిమిషం పని ఆ రోజు చేసి ఉంటే తెలిసేది. నరం బతికే ఉండి ఉంటే ఆ తొమ్మిది వేలూ చిగుళ్లకీ షుగర్‌కీ పోయేవి. చచ్చే ఉండి ఉంటే రూట్ కెనాల్ తర్వాత క్యాప్ ఆపి, చిగుళ్ల సంగతి చూసి, పన్ను నిలబడుతుందా లేదా తేలాక అప్పుడు వేసేవారు. రెండు దారుల్లో ఏదైనా సరే, చిగురు కొలవకుండా, కదిలే పన్ను నెత్తిన క్యాప్ పెట్టే దారి మాత్రం లేదు.

ఇప్పుడు ఉల్టా కేసు. మా చాచా కొడుకు, ముప్పై రెండేళ్లు, ఆటో నడుపుతాడు. షుగర్ లేదు, పాన్ లేదు, పళ్లు బాగానే తోముతాడు. కింద ఎడమవైపు దవడ పన్ను పక్కన చిగురు మీద చిన్న ఫున్సీ. నొప్పి లేదు. అప్పుడప్పుడు పగిలి ఉప్పగా నోట్లోకి వస్తుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఒక చోట చూపిస్తే చిగురులో 10 మిల్లీమీటర్ల గుంత ఉంది, కోసి ఎముక పౌడర్ నింపాలి అన్నారు. వాడు భయపడి నా దగ్గరకొచ్చాడు. నేను డాక్టర్‌ని కాదు గానీ ఖాలా కథ తర్వాత ఒక్క సవాల్ అడగడం నేర్చుకున్నా: ‘నరం టెస్ట్ చేశారా?’ చేయలేదు.

ఇంకో డాక్టర్ చేశాడు. మంచులా చల్లబరిచిన దూది ముక్కని ముందు పక్క పళ్లకి తగిలించాడు, వీడు ఎగిరిపడ్డాడు. ఆ పంటికి తగిలించాడు, చలనం లేదు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో పెట్టించుకున్న లోతైన సిమెంట్ ఒకటి ఆ పంటిలో ఉంది. పుల్లతో కొలిస్తే పన్ను చుట్టూ 2, 3 మాత్రమే. ఒక్క చోట మాత్రం ధబ్‌మని 10కి దిగింది. సన్నగా, బావిలాగా. ఆ ఫున్సీ రంధ్రంలోకి సన్నటి బంకపుల్ల ఒకటి దూర్చి ఎక్స్ రే తీస్తే దాని మొన తిన్నగా వేరు చివరికి వెళ్లి ఆగింది. అదీ చీము పుట్టిల్లు. రూట్ కెనాల్ ఒక్కటే చేశారు. రెండు వారాల్లో ఫున్సీ ఎండిపోయింది, ఆ లోతైన బావి మూసుకుంది. ఆరు నెలల తర్వాత ఎక్స్ రేలో నల్లటి నీడ చోట ఎముక నిండుతూ కనిపించింది. చిగురు మీద కత్తి పెట్టనే లేదు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ చిగురు దగ్గర చీము, ఇద్దరికీ ఎక్స్ రేలో నీడ. ఒకరికి చిగుళ్ల రోగానికి నరం ఇలాజ్ చేశారు, ఇంకొకరికి నరం రోగానికి చిగుళ్ల ఇలాజ్ చేయబోయారు. తేడా పట్టించింది ఏ పెద్ద మిషనూ కాదు. చల్లటి దూది, గీతల పుల్ల.

ఆ టెస్టులు ఖురాన్ ఆయత్‌లు కావు, అవీ పొరబడతాయి. దవడ పన్నుకి మూడు కాలువలుంటే ఒకదాంట్లో కండ చచ్చి ఇంకోదాంట్లో బతికి ఉండొచ్చు. ముసలివాళ్లకి లోపలి గది సున్నం పట్టి ఇరుకైపోయి చల్లదనానికి జవాబు రాకపోవచ్చు. సన్నటి లోతైన గుంత ఉంటే అది నరం చీము దారే కానక్కర్లేదు, వేరు నిలువునా పగిలినా అలాగే దిగుతుంది. రూట్ కెనాల్ అయిన పాత పన్నుకి అలాంటి గుంత పడితే ముందు పగులునే అనుమానించాలి. వేరు నిలువునా పగిలితే ఏ ఇలాజూ లేదు, పీకడమే. అందుకే ఒక్క టెస్టు చూసి కాదు, అన్నీ కలిపి చూసి, పక్క పళ్లతో పోల్చి, నోరంతా తిరిగి ఫైస్లా చేయాలి. ఖాలాకి ఆరు పళ్లకి గుంతలున్నాయి, చాచా కొడుక్కి ఒక్కదానికే ఉంది. అదే పెద్ద గవాహీ.

ఇక నిజంగానే రెండూ చెడిన పన్ను. లోపల నరం చచ్చింది, బయట చిగురూ దానంతట అది ఎముకని తినేసింది, రెండూ మధ్యలో కలుసుకున్నాయి. ఇది అన్నిటికన్నా కఠినం. మామూలుగా ముందు రూట్ కెనాల్. లోపల కుళ్లు ఊరుతున్నంత కాలం బయట ఎంత గీకినా మానదు. ఇంకో కారణం కూడా ఉంది. వేరు మీద అతుక్కుని ఉన్న నారల్లో నరం చీము వల్ల మాత్రమే దెబ్బతిన్నవి కొన్ని ఉంటాయి. కుళ్లు పోతే అవి తిరిగి కోలుకునే ఉమ్మీద్ ఉంది. తొందరపడి ముందే లోతుగా గీకేస్తే ఆ ఉమ్మీద్‌ని మనమే చెరిపేస్తాం. కాబట్టి కాలువ శుభ్రం చేస్తారు. కొందరు డాక్టర్లు అందులో కొన్నాళ్లు సున్నం జాతి మందు, కాల్షియం హైడ్రాక్సైడ్, పెట్టి ఉంచి చూస్తారు. పైపైన గార తీయడం, తోమడం నేర్పడం అప్పుడే మొదలవుతుంది. తర్వాత రెండు మూడు నెలలు ఇంతెజార్. ఎంత మానిందో మళ్లీ కొలిచి, మిగిలిన గుంతకి అప్పుడు లోతైన క్లీనింగో, ఆపరేషనో.

కడవా సచ్ ఒకటుంది. నరం వల్ల పోయిన ఎముక రూట్ కెనాల్ బాగా చేస్తే చాలావరకు తిరిగొస్తుంది. చిగుళ్ల బీమారీ వల్ల పోయిన ఎముక అంత సులువుగా రాదు. అందుకే ఇలాంటి పన్ను తఖ్దీర్ రూట్ కెనాల్ చేసే చేతిలో కన్నా చిగురు ఎంత మిగిలిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మనం మాత్రం ఖర్చంతా రూట్ కెనాల్ మీద, క్యాప్ మీద పెట్టి, చిగుళ్ల క్లీనింగ్ అనగానే ‘అదెందుకు, పళ్లు వదులైపోతాయంట’ అంటాం. క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు. గార సిమెంటులా పట్టి ఉంచడం వల్ల గట్టిగా ఉన్నట్టు అనిపిస్తాయి, అంతే. కూలిన గోడని చెత్తకుప్ప ఆసరా పట్టినట్టు.

ఈ రెండు బీమారీల రిష్తా డాక్టర్లకి కొత్తగా తెలిసిందేమీ కాదు. సిమ్రింగ్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు 1964లోనే దీని గురించి రాశారు. 1972లో సైమన్, గ్లిక్, ఫ్రాంక్ అనే ముగ్గురు ఇలాంటి పళ్లని ఐదు రకాలుగా విడదీశారు: నరంతో మొదలైంది, నరంతో మొదలై చిగురుకి పాకింది, చిగురుతో మొదలైంది, చిగురుతో మొదలై నరానికి పాకింది, రెండూ విడివిడిగా పుట్టి కలిసిపోయింది. చాలా ఏళ్లు దంత విద్యార్థులు దీన్నే చదివారు. 2017లో ప్రపంచంలోని చిగుళ్ల నిపుణులు కూర్చుని ఈ లెక్కని మార్చారు. ఎక్కడ మొదలైందన్న చరిత్ర తవ్వడం చాలాసార్లు కుదరదు కాబట్టి, ముందు వేరు పగిలిందా, రంధ్రం పడిందా చూడమన్నారు. అది లేకపోతే ఈ మనిషికి మిగతా నోట్లో చిగుళ్ల బీమారీ ఉందా లేదా, గుంత సన్నగా ఉందా వెడల్పుగా ఉందా చూడమన్నారు. ఖాలా నోరంతా కొలిచిన ఆ పీజీ అమ్మాయి చేసింది సరిగ్గా ఇదే.

ఇంకా వెనక్కి వెళ్తే మన పేర్లే కనిపిస్తాయి. కొర్డోబా దగ్గర బతికి 1013 ప్రాంతంలో వఫాత్ అయిన అల్ జహ్రావీ తన కితాబ్ అల్ తస్రీఫ్‌లో పళ్ల గార గీకడానికి రకరకాల గీకుడు పనిముట్ల బొమ్మలు గీసి పెట్టాడు. ఒక్కరోజులో పోకపోతే మర్నాడు, ఆ మర్నాడు మళ్లీ గీకమన్నాడు. పన్ను పీకడానికి తొందరపడొద్దన్నాడు. నొప్పి ఒకచోట పుట్టి ఇంకోచోట తెలుస్తుందనీ, మంగలివాళ్లు మంచి పన్ను పీకేసి చెడ్డదాన్ని ఉంచేస్తున్నారనీ కోప్పడ్డాడు. వెయ్యేళ్ల కింద ఆయన కోపం కూడా ఇదే: చూడకుండా చేయి పెట్టడం మీద. మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీ 1920లో కలకత్తాలో పెట్టింది డాక్టర్ రఫీఉద్దీన్ అహ్మద్. ఆయన పుట్టిన డిసెంబర్ 24ని దంత వైద్యుల దినంగా జరుపుతారు. ఈ పేర్లు చెప్పుకుని ఛాతీ విరుచుకునే మనం ఇంట్లో అమ్మీ నోరు ఆఖరిసారి ఎప్పుడు చూపించామంటే జవాబు రాదు.

షుగర్ సంగతి విడిగా చెప్పాలి. హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త 1993లో చిగుళ్ల బీమారీని షుగర్ తెచ్చిపెట్టే ఆరో తక్లీఫ్ అన్నాడు, కళ్లు, కిడ్నీలు, నరాలు వగైరాల తర్వాత. ఇది రెండు వైపులా కోసే కత్తి. షుగర్ అదుపు తప్పితే చిగురు తొందరగా పోతుంది. చిగుళ్లలో చీముంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. షుగర్ మాత్రలు రాసే డాక్టర్ పాదాలు చూస్తాడు, కళ్లకి పంపిస్తాడు, నోరు తెరవమని ఎంతమంది అంటారు? మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు లేదు. షాదీ ఖానాల్లో డబుల్ కా మీఠా గిన్నె దగ్గర నిలబడి, ‘ఒక్క చెంచాకేం కాదులే’ అనుకునే వాళ్లంతా ఈ పేరా రెండోసారి చదవండి.

పాన్, జర్దా, గుట్కా, బీడీ. వీటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఒక్క మాట తప్ప. సిగరెట్, బీడీ తాగేవాళ్ల చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా కారుతుంది. రక్తం రావట్లేదు కదా, నా మసూఢే బాగున్నాయ్ అని వాళ్లు ధీమాగా ఉంటారు. పొగ రక్తనాళాలని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి అలా. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. మిస్వాక్ మంచిదే, నేనూ వాడతాను. మిస్వాక్ ఉంది కదా అని దవడ పళ్ల వెనకవైపు, పంటికీ పంటికీ మధ్య సందుల్లో ఏమవుతోందో చూసుకోకపోతే ఆ సున్నత్ ముందుపళ్లకే పరిమితమైపోతుంది.

మెడికల్ షాపు మాత్రలు ఇంకో ధోకా. ఉబ్బు రాగానే ఐదు రోజుల యాంటీబయాటిక్ తెచ్చుకుంటాం. ఉబ్బు తగ్గుతుంది. తగ్గింది కాబట్టి పోయిందనుకుంటాం. చచ్చిన నరం గదిలోకి రక్తమే పోదు, రక్తం పోని చోటికి మాత్ర ఎలా పోతుంది? లోపలి కుళ్లు అలాగే ఉంటుంది. బయటి వాపు ఒక మౌసమ్ సర్దుకుని మళ్లీ వస్తుంది. ఇలా రెండు మూడేళ్లు నడిపి, చివరికి రంజాన్ ముందు వారం గుర్తొచ్చి, ఈద్ తర్వాత చూద్దాంలే అని వాయిదా వేసేవాళ్లు నాకు తెలుసు. ఆ రెండు మూడేళ్లలో ఒక్క రూట్ కెనాల్‌తో పోయే రోగం చిగురుకి కూడా అంటుకుని కూర్చుంటుంది.

డాక్టర్ల వైపు మాట కూడా వినాలి, లేకపోతే బేఇన్సాఫీ అవుతుంది. నా దోస్త్ ఒకడు పళ్ల డాక్టర్. ఇదంతా చెప్తే వాడికి కోపమొచ్చింది. ‘‘ఒక్కో పన్నూ కొలుస్తూ కూర్చుంటే పేషెంట్ గడియారం చూస్తాడు. కొలిచినందుకు ఫీజు అడిగితే లేచిపోతాడు. రెండు నెలలు ఆగి క్యాప్ వేద్దామంటే వేరే క్లినిక్‌కి పోయి మర్నాడే వేయించుకుంటాడు. మీకు కొలవడం వద్దు, క్యాప్ కావాలి’’ అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు. మనకి చేతికి కనిపించే వస్తువు మీద పైసలు పెట్టడం అలవాటు. ఆగి చూడడానికి పైసలు పెట్టడం అలవాటు లేదు. ఇంకో కారణం చదువులోనే ఉంది. నరం చూసే పీజీ వేరు, చిగుళ్లు చూసే పీజీ వేరు. పంటికి అలాంటి గోడ లేదు, కాలేజీలో ఉంది. చిన్న క్లినిక్‌లో నరం డాక్టర్ రోజూ ఉంటాడు, చిగుళ్ల డాక్టర్ ఆదివారం మాత్రమే వస్తాడు. ఇద్దరూ ఒకే పన్నుని ఒకే రోజు కలిసి చూసే మౌఖా రాదు.

అయినా నేను వాడి మాటకి పూర్తిగా రాజీ కాలేదు. కొలిచినందుకు ఫీజు తీసుకో, తప్పు లేదు, కానీ కొలవకుండా తొమ్మిది వేలు తీసుకోవడం తప్పే అన్నాను. పీకడమే సరైన దారి అయితే అదీ మొదటి రోజే చెప్పాలి. పన్ను పైకీ కిందికీ కదులుతుంటే, ఎముక వేరు కొసదాకా పోయి ఉంటే, దాన్ని నిలబెట్టే తమాషా గరీబు మనిషి పైసలతో ఆడకూడదు. ఈ విషయంలో పీకేయమనే డాక్టర్ని కసాయి అనడం, ఏదో ఒకటి చేసి ఉంచేద్దాం అనే డాక్టర్ని దేవుడనడం నాకు నచ్చదు. ఖాలా క్యాప్ పన్నుని ఐదు నెలల తర్వాత ఆ సర్కారీ కాలేజీలోనే తీసేశారు. తీసేయక ముందు అద్దంలో చూపించి, ఎక్స్ రే చూపించి, ఎందుకో ఆమెకే అర్థమయ్యేలా చెప్పారు. ఖాలా ఏడవలేదు, తిట్టలేదు. ఆ ఐదు నెలల్లో మిగతా ఆరు పళ్లకి లోతైన క్లీనింగ్ అయింది, షుగర్ 7.4కి దిగింది, 5, 6 ఉన్న గుంతలు 3, 4కి వచ్చాయి.

మీరు కుర్చీలో కూర్చున్నప్పుడు అడగాల్సింది పెద్ద ఇల్మ్ ఉన్న ప్రశ్నేం కాదు. ‘నరం బతికుందా, ఎలా చూశారు? మసూఢా ఎంత లోతుంది, ఎన్ని చోట్ల?’ రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఎక్స్ రే ఫోటో ఫోన్‌లో దాచుకోండి, మొదటిది ముఖ్యంగా. ఆరు నెలల తర్వాత ఏం మానిందో, ఏం మానలేదో చెప్పేది అదే. క్యాప్‌కి తొందరపెట్టకండి. మొదటి రోజే చెక్ చేసి, ‘ఇంకో డాక్టర్ని కూడా పిలిపించి ఇద్దరం కలిసి చూస్తాం, వచ్చే ఆదివారం రండి’ అన్నారంటే చిరాకు పడకండి. ఆదివారం వెళ్లండి.